బొమ్మలు వేయడం కూడా పనే

2011లో జనాభా లెక్కల కోసం మా ఇంటికి వచ్చిన టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి వివరాలు రాసుకుంది. మా ఆయన గురించి చెప్పేటప్పుడు ఉద్యోగం ఏమిటి, ఎక్కడ అని అడిగింది. నా వంతు వచ్చేసరికి అడగకుండానే రాయబోయింది. నేను లోపలి గదిలో నేల మీద కూర్చుని ఒక పిల్లల పుస్తకానికి చెరువు బొమ్మ వేస్తున్నాను. కాగితం తడిగా ఉంది, లేచి రావడానికి లేదు. "మా కోడలు ఏం చెయ్యదమ్మా, ఇంట్లోనే ఉంటుంది. తీరిక దొరికితే బొమ్మలు వేసుకుంటుంది" అని మా అత్తగారి గొంతు వినిపించింది.

ఆవిడ మాటలో చెడు ఉద్దేశం లేదు. ఆ నెల ఇంటి అద్దెలో సగం ఆ పుస్తకం డబ్బుతోనే కట్టామని ఆవిడకీ తెలుసు. అయినా అది ఆవిడకి పనిగా కనపడలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజుకి నాకూ కనపడలేదు. కనపడి ఉంటే కాగితం పాడైపోయినా సరే లేచి వెళ్లి చెప్పేదాన్ని.

హైదరాబాదులో 22 ఏళ్లుగా నీటిరంగుల బొమ్మలు వేసి బతుకుతున్నాను. యజమాని లేడు, జీతం లేదు. పుస్తకాలకి అట్టలు, కథలకి బొమ్మలు, ఫోటో చూసి వేసే ముఖచిత్రాలు, శని ఆదివారాలు పిల్లలకి క్లాసులు, సంవత్సరానికి ఒకసారి ఎవరితోనైనా కలిసి ప్రదర్శన. వీటి మధ్యలో నా కోసం నేను వేసుకునే గోల్కొండ బండలు, కూరగాయల మార్కెట్లు. స్వయం ఉపాధి అనగానే మనకి కుట్టుమిషను, పచ్చళ్లు, అప్పడాలు గుర్తొస్తాయి. కుంచె గుర్తుకు రాదు. కుంచె అంటే కళ అనుకుంటాం. కళ అన్నాక డబ్బు మాట ఎత్తడం మర్యాద కాదనుకుంటాం.

ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. తైలవర్ణాలు రోజుల తరబడి ఆరవు, ఇవాళ ఆపి రేపు దిద్దుకోవచ్చు. నీటిరంగుల్లో అది కుదరదు. ఆకాశం వేయాలంటే కాగితం మొత్తం తడిపి, ఆ తడి ఆరేలోపు రంగు పరిచెయ్యాలి. మే నెలలో మా ఇంట్లో ఫ్యాను ఆపినా అయిదారు నిమిషాల్లో తడి లాగేస్తుంది. వానాకాలంలో గంటైనా ఆరదు, కాగితానికి బూజు పడుతుంది. మధ్యలో లేస్తే రంగు ఆగిన చోట గీత మిగిలిపోతుంది. ఆ గీత చెరపబోతే కాగితం పొర లేస్తుంది. తెలుపు అనేది మేం వేసే రంగు కాదు, కాగితాన్ని ముట్టకుండా వదిలిన చోటే తెలుపు. ఒకసారి కప్పేశాక మునుపటి తెలుపు మళ్లీ రాదు. మంచి నూలు కాగితం, 22 అంగుళాలకి 30 అంగుళాల షీటు, నాకు 300 రూపాయల పైనే పడుతుంది.

అంటే ఈ పనికి అన్నిటికంటే ముందు కావలసింది ఎవరూ పిలవని ఇరవై నిమిషాలు. పెళ్లయిన ఆడదానికి ఇంట్లో దొరకనిది సరిగ్గా అదే. గ్యాసు బండ వస్తుంది, కుక్కరు కూస్తుంది, అత్తగారికి మాత్ర ఇవ్వాలి, పక్కింటావిడ తాళంచెవి ఇచ్చి వెళ్తుంది. "నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా" అన్న మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అందుకే ఆకాశాలూ నీళ్లూ తెల్లవారుజామున నాలుగున్నరకి వేస్తాను. ఆరింటికి కుంచె కడిగేసి పొయ్యి వెలిగిస్తాను. టిఫిన్లు, క్యారియర్లు అయ్యాక పదకొండు నుంచి రెండు దాకా ఆకులు, ముఖాలు, చేతులు. వీటి మధ్యలో లేవవచ్చు. రాత్రి భోజనాల తర్వాత లెక్కలు రాయడం, రావలసిన డబ్బుకి ఫోన్లు చెయ్యడం. బొమ్మ వేయడానికి పట్టినంత కాలమూ డబ్బు అడగడానికీ పడుతుంది.

దేశమంతటా స్త్రీలు, పురుషులు రోజును ఎలా గడుపుతున్నారో 2019లో ప్రభుత్వం సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్లీ చేస్తే స్త్రీల లెక్క 289కి వచ్చింది. అయిదేళ్లలో మనకి మిగిలింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నా ఆకాశం సగం కూడా ఆరదు.

ఇంకో మాట దాచకూడదు. నా పదకొండు గంటల పని మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి శ్రమ మీద నిలబడి ఉంది. ఆమె రాని రోజు నా కుంచె తడవదు. కానీ ఒక విషయంలో ఆమె నాకంటే తెలివైనది. మనుషులు పెరిగితే ఎంత, బట్టలు కలిపితే ఎంత అని పనిలో చేరే రోజే చెప్పేసింది. నేను మాత్రం ఇరవై ఏళ్లుగా "మీకు తోచింది ఇవ్వండి" అంటూ వచ్చాను. చదువుకున్న నాకు లేని ధైర్యం ఆమెకి ఎక్కడిదని ఆలోచిస్తే, ఆమె తను చేసేది పనేనని ఎన్నడూ అనుమానపడలేదు.

పోయిన సంవత్సరం నా నోటుపుస్తకం లెక్క ఇది. చేతికి వచ్చింది 2,14,000 రూపాయలు. కాగితం, రంగులు, కుంచెలకి 31,000. ఫ్రేములకి 42,000. హాలు అద్దె, కొరియర్లు, ఆటోలకి 23,000. మిగిలింది 1,18,000. నెలకి పదివేలు కూడా కాదు. ఇంకా రావలసిన బాకీ 37,500. బాకీ ఉన్న అయిదుగురిలో ఇద్దరు స్త్రీల సంస్థల వాళ్లే.

యజమాని లేని స్త్రీని కార్మికురాలిగా ఒప్పించడానికి మన దేశంలో పెద్ద పోరాటమే జరిగింది. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ 'సేవ'ను కార్మిక సంఘంగా నమోదు చేయించబోతే, యజమానే లేనప్పుడు మీరు ఎవరి మీద పోరాడతారని అధికారులు అడ్డుపడ్డారు. సంఘం అంటే ఎవరికో వ్యతిరేకంగానే ఉండనక్కర్లేదు, పనివాళ్ల ఐక్యత కోసం కూడా అని వాదించి నెగ్గారు. ఆమె అధ్యక్షతన పనిచేసిన జాతీయ కమిషను 1988లో 'శ్రమశక్తి' నివేదిక ఇచ్చింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసే వాళ్ల కోసం 177వ ఒడంబడిక చేసింది. అయితే స్వతంత్రంగా పనిచేసుకునే నాలాంటి వాళ్లు దాని కిందకి రారు. 1961 ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి సెలవుని 26 వారాలు చేశారు. అదీ జీతం ఇచ్చే యజమాని ఉన్నవాళ్లకే. నా రెండో పురుడప్పుడు మూడోవారంలోనే కుంచె పట్టాను. పట్టకపోతే ఆ పుస్తకం ఇంకొకరికి వెళ్లిపోయేది. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. శిల్పి ఉన్నాడు, బొమ్మలు తయారుచేసేవాళ్లు ఉన్నారు, చిత్రకారులు లేరు.

ప్రభుత్వాన్ని అన్నాక మనల్ని మనం కూడా అనుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక స్త్రీల సంస్థ మార్చి 8 పోస్టరుకి బొమ్మ వేయమంది. అయిదుగురు స్త్రీలు నీళ్ల బిందెలతో నిలబడిన బొమ్మ. మూడు షీట్లు పాడయ్యాక నాలుగోది కుదిరింది. ప్రెస్సు వాళ్లకి డబ్బిచ్చారు, హాలుకి ఇచ్చారు, మైకుకి, టీలకి ఇచ్చారు. నాకు వేదిక మీద శాలువా కప్పి ఒక మొక్క ఇచ్చారు. "మన కార్యక్రమమే కదా అక్కా" అన్నారు. నేనూ సంతోషంగానే తెచ్చుకున్నాను. రెండేళ్ల తర్వాత అదే బొమ్మ వాళ్ల వార్షిక నివేదిక అట్ట మీద, సంచుల మీద, నిధులిచ్చిన వాళ్ల గుర్తు పక్కన పెద్ద బ్యానరు మీద కనపడింది. కింద మూలన ఉన్న నా సంతకం కత్తిరించేశారు. అడిగితే, "ఉద్యమానికి ఇచ్చిన దానిలో నాది, నీది ఏమిటక్కా?" అన్నారు. ఆ రోజు నేనే సిగ్గుపడి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆలోచించాను. స్త్రీ చేసే పనికి ప్రేమ అని పేరు పెట్టి కూలి ఎగ్గొట్టడం కుటుంబం చేసే పని అని మనం సభల్లో చెప్తాం. ప్రేమ అన్న చోట ఉద్యమం అన్న మాట పెడితే అది మారిపోతుందా?

అప్పుడే 1957 కాపీరైటు చట్టం తెలుగులో చెప్పగలిగిన ఒక న్యాయవాది మిత్రురాలి దగ్గర కూర్చున్నాను. నేను నా అంతట నేను వేసి అమ్మిన బొమ్మలో కొన్నవాళ్లకి దక్కేది ఆ కాగితమే. దాన్ని అచ్చు వేసుకునే హక్కు రాసి ఇస్తే తప్ప నాదే. దీనికి ఎక్కడా రిజిస్టరు చెయ్యనక్కర్లేదు. కానీ ఒకరు అడిగి, డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, ఆ హక్కు వేయించుకున్న వాళ్లదని 17వ సెక్షను చెప్తుంది. ఇందులో తమాషా చూడండి. శాలువాతో సరిపెట్టిన ఆ పోస్టరు మీద హక్కు నాతోనే ఉంది. డబ్బు తీసుకుని, కాగితం రాసుకోని పుస్తకాల బొమ్మల మీద హక్కు పోయింది. హక్కు రాసి ఇచ్చేటప్పుడు కూడా ఎంతకాలానికో రాయకపోతే అది అయిదేళ్లకే అని 19వ సెక్షను అంటుంది. ఇక ఇది నేను వేసిన బొమ్మ అని చెప్పుకునే హక్కు, నా పేరు చెడేలా దాన్ని నరికితే, మారిస్తే అడిగే హక్కు 57వ సెక్షను కింద, మిగతా హక్కులు అమ్ముకున్నా నాతోనే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన భవన్ గోడ మీది తన శిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేస్తే అమర్‌నాథ్ సెహగల్ ఈ సెక్షను మీదే ప్రభుత్వంతో పోరాడాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పం తిరిగి ఇమ్మని, 5 లక్షలు నష్టపరిహారం కట్టమని తీర్పు ఇచ్చింది.

పేరు చిన్న విషయం అనుకునేవాళ్లు రాజమండ్రి గుర్తు చేసుకోవాలి. దామెర్ల రామారావు (1897-1925) పేరు బొమ్మల సంగతి తెలియని వాళ్లు కూడా విని ఉంటారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఆ రెండు పేర్లు మనలో ఎంతమంది విన్నాం?

చిన్న సంఘాల దగ్గర డబ్బుండదని నాకు తెలుసు. ఆటో డబ్బులు చేతి నుంచి పెట్టుకుని సమావేశాలకి వెళ్లినదాన్నే. అలాంటి సంఘాలకి ఉచితంగా వేస్తాను, ఇక ముందూ వేస్తాను. కానీ ఇవ్వడం అనేది వెల తెలిశాకే ఇవ్వడం అవుతుంది. ఇప్పుడు నేను చేసేది ఇది. బొమ్మకి 4,000 అని బిల్లు రాస్తాను, దాని కిందే "విరాళం 4,000" అని రాస్తాను. సంస్థ లెక్కల్లో అది అలాగే ఎక్కాలి. అప్పుడు నేను ఏమిచ్చానో వాళ్లకీ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది. నిధులున్న సంస్థలు మాత్రం ప్రాజెక్టు బడ్జెట్టు రాసేటప్పుడే ముద్రణ ఖర్చు పక్కన బొమ్మల ఖర్చుకి ఒక వరస పెట్టాలి. కాగితానికి డబ్బుండి, కాగితం మీది పనికి లేకపోవడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

సాటి చిత్రకారిణులకి ఒక మాట. ఫోన్లో ఒప్పుకోకండి. ఒక్క పేజీ చాలు. బొమ్మ కొలత, దేనికి వాడతారు, ఎన్నేళ్లు వాడతారు, డబ్బు ఏ తేదీకి, పేరు ఎక్కడ వేస్తారు, అసలు బొమ్మ ఎప్పుడు తిరిగి ఇస్తారు, హక్కు ఎవరిది. రెండు సంతకాలు. నా మొదటి పేజీ చూసి ఒక ప్రచురణకర్త "ఏమ్మా, నమ్మకం లేదా?" అన్నాడు. ఆ పని పోయింది. ఆ నెల ఇబ్బందే పడ్డాను. తర్వాత వచ్చిన ముగ్గురిలో ఇద్దరు సంతకం పెట్టారు. ఒక్కళ్లమే అడిగితే పని పోతుంది, పదిమందీ అడిగితే అది పద్ధతి అవుతుంది. మన రేట్లు ఒకళ్లకొకళ్లం చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడుతున్నాం. ముందు ఆ సిగ్గు పోవాలి.

ఆ పోస్టరు సంస్థకి ఆలస్యంగానైనా ఉత్తరం రాశాను. జవాబు రావడానికి మూడు నెలలు పట్టింది. తర్వాతి నివేదికలో లోపలి అట్ట మీద నా పేరు వేశారు. డబ్బు గురించి ఏమీ రాయలేదు. మళ్లీ రాస్తాను.

మా అత్తగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. 2027 జనాభా లెక్కలకి ఎవరు వచ్చినా నన్ను పిలవమని ఆవిడకి చెప్పి ఉంచాను. నా పని నీటిరంగుల బొమ్మలు వేయడం, సొంత పని అని నేనే రాయిస్తాను. ఆ సమయానికి కాగితం తడిగా ఉంటే, వచ్చిన అమ్మాయికి మంచినీళ్లిచ్చి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టమన్నాను.