పాలమూరు గర్భిణికి ధ్యాన పాఠాలా?

గర్భిణి దిగులు పడితే బిడ్డ మెదడుకు చేటు అనే కథనాలు జోరుగా వస్తున్నాయి. సలహా మాత్రం ఒకటే: ప్రశాంతంగా ఉండండి, ధ్యానం చేయండి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కడుపుతోనే వలస బయల్దేరిన నారాయణపేట కూలీకి, దేవరకొండ తండా ఆడమనిషికి ఆ మాట చెప్పి చూడమనాలి.

శాస్త్రమూ అంత తేలిగ్గా ఏమీ తేల్చలేదు. తల్లి రక్తంలోని ఒత్తిడి హార్మోను కార్టిసోల్‌ను మాయలోని ఎంజైమ్ చాలావరకు నిర్వీర్యం చేస్తుంది. తిండి చాలక, ఒత్తిడి నెలల తరబడి సాగితే ఆ కాపలా సడలవచ్చు. 1944-45 నెదర్లాండ్స్ కరువు ముదిరిన రోజుల్లో కడుపున పడ్డవారికి స్కిజోఫ్రీనియా ముప్పు దాదాపు రెట్టింపైంది. అయినా అత్యధికులకు ఆ జబ్బు రానే లేదు.

1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్‌ను మంచు తుపాను ముంచెత్తింది. గర్భిణులు ఎన్నాళ్లు కరెంటు లేకుండా గడిపారో, ఎంత బెంగపడ్డారో పరిశోధకులు విడివిడిగా లెక్కగట్టారు. వారి పిల్లల్లో పదమూడో ఏట డీఎన్ఏ మీద కనిపించిన రసాయన గుర్తులు ముడిపడింది కష్టంతో, బెంగతో కాదు. మన కథనాలకు పట్టనిది ఇదే.

కష్టాన్ని తగ్గించే చట్టం లేదా అంటే, ఉంది. 2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షన్ గర్భిణులకు స్థానిక అంగన్‌వాడీలో ఉచిత భోజనం, 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం హక్కుగా ఇచ్చింది. కేంద్రం రూపొందించే పథకాలకు లోబడి అని ఓ మెలికా పెట్టింది. అందులోంచి వచ్చిందే మాతృ వందన యోజన: తొలి కాన్పుకు 5,000, రెండోసారి ఆడపిల్ల పుడితేనే 6,000. జననీ సురక్ష పథకం కింద వచ్చే డబ్బు కలుపుకుంటే లెక్క సరిపోతుందని సర్కారు వాదన. చట్టంలో కాన్పుల లెక్కే లేదు. పథకం పని హక్కును అమలు చేయడం. కుదించే అధికారం దానికెక్కడిది?

తెలంగాణలో 2015 నుంచి నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి మంచి పథకం: పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. కానీ అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి తినాలి. వలస వెళ్లి పుణె శివార్లలో డేరా వేసుకున్న ఆమెకు ఆ పళ్లెం అందదు. అంగన్‌వాడీల పేర్ల నమోదు యాప్ పోషణ్ ట్రాకర్‌లో పేరు బదిలీ చేసుకోవచ్చంటారు అధికారులు. పేరు వెళ్తుంది సరే, డేరాల దగ్గర అంగన్‌వాడీ ఏది? డబ్బుకు దారీ ఉంది: భవన నిర్మాణ వ్యయంలో కనీసం ఒక శాతం సెస్సు నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధికి వసూలవుతోంది. ప్రసూతి సాయం ఆ నిధి బాధ్యతల్లో ఒకటి. పని చేయించుకునే రాష్ట్రమే ఆ డబ్బుతో సైటు దగ్గర భోజనం పెట్టి, ఆ ఖర్చు తనదేనని ఒప్పుకోవాలి.