సొమ్మునకు లేని సరిహద్దు చదువునకేల?

గల్ఫు రాజ్యములలో బ్రదుకుచున్న భారతీయులు ఎనుబది లక్షలకు మించి యున్నారు. కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములలో గాని, కడప, రాయచోటి, రాజంపేట సీమలలో గాని, కోనసీమలో గాని ఒక్క మనిషినైనను ఆ యెడారికి పంపని గ్రామము కనబడుట అరుదు. వారు పంపెడి సొమ్ముతో ఇండ్లు లేచినవి, అప్పులు తీరినవి, ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. 2022వ సంవత్సరమున నానాదేశముల నుండి ప్రవాస భారతీయులు స్వదేశమునకు పంపిన మొత్తము పదివేల కోట్ల డాలర్లను దాటెను. ఒక్క యేట అంత సొమ్ము ఇంటికి తెప్పించుకొన్న మొట్టమొదటి దేశము మనదే యని చెప్పుకొని గర్వించితిమి. ఆ డాలరు మన గడప తొక్కునపుడు, "నీవు ఏ గదిలో నిదురించితివి, నీ ప్రక్క మంచమున నెవడుండెను" అని యడిగినవాడు లేడు.

ఆ డాలరును పంపిన మనిషియే ఇప్పుడు స్వదేశము వైపు తిరిగి, "నాకు మీ సొమ్ము వలదు, ఉద్యోగము వలదు. పగటి పని ముగిసిన పిదప నా చేతి ఫోనులో మీ విశ్వవిద్యాలయపు పాఠము వినెదను, పరీక్ష వ్రాసెదను, నెగ్గినచో పట్టా యిండు" అని యడుగుచున్నాడు. దీనికి మన సమాధానమేమి? కాగితము మీద "తప్పక రమ్ము" అని యున్నది. ఆచరణలో గడప గడపకు నొక తాళమున్నది.

కాగితము మీది మాటను ముందుగా చెప్పుట న్యాయము, ఏలయన అది మంచి మాట. యూ.జీ.సీ. అని వాడుకలోనున్న విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2020 సెప్టెంబరులో దూరవిద్యకును ఆన్‌లైను విద్యకును కలిపి నిబంధనలను ప్రకటించెను. అందు 22వ నిబంధనము ప్రకారము, అనుమతి గల సంస్థ నుండి ఆన్‌లైనున సంపాదించిన పట్టా, కళాశాలకు పోయి సంపాదించిన పట్టాతో సమానము. ఆన్‌లైను విద్యకు ప్రాదేశికమైన హద్దులు గూడ లేవు. అనగా దుబాయి నుండి చదివినను, దువ్వూరు నుండి చదివినను పట్టా ఒక్కటే. వైద్యము, ఇంజనీరింగు, న్యాయశాస్త్రము, నర్సింగు, ఫార్మసీ మొదలగు విద్యలు ఈ మార్గమున లభింపవు. అవి చేతితోను కంటితోను నేర్వవలసినవి గనుక ఆ నిషేధమును మేము తప్పుపట్టము.

కూలివానికి పట్టా యెందులకని నవ్వువారు మన పట్టణములలో లేకపోలేదు. వారు గల్ఫు బ్రదుకు నెరుగరు. అచ్చట మనిషి నివాసపు చీటి మీదనే వాని వృత్తి వ్రాయబడును. ఆ వృత్తిని బట్టి జీతము, జీతమును బట్టి ఆలుబిడ్డలను తెచ్చుకొను హక్కు. 2024 జనవరిలో కువాయిటు ప్రభుత్వము, కుటుంబమును తెచ్చుకొనగోరు ప్రవాసికి తగిన జీతముతోబాటు విశ్వవిద్యాలయపు పట్టా గూడ నుండవలెనని శాసించెను. ఆ యేడు జులైలో పట్టా షరతును ఎత్తివేసెను. ఎత్తివేయుట మంచిదే. కాని ఆ ఆరు నెలలలో ఒక కాగితము భార్యకును భర్తకును నడుమ గోడయై నిలిచెను గదా! పరదేశమును నిందింపనేల? మన 1983 నాటి వలస శాసనమే పదవ తరగతి నెగ్గనివాని పాస్‌పోర్టు మీద వేరు గుర్తు వేయించి, గల్ఫు మొదలగు దేశములకు పోదలచినచో వలస అధికారి అనుమతి తెచ్చుకొమ్మనుచున్నది. చదువును బట్టి మనిషికి తోవ విడుచుట మన ప్రభుత్వమే నేర్పిన పద్ధతి. అట్లయినపుడు ఆ చదువును వానికి అందనీయకుండుట ఏమి ధర్మము?

మరికొందరు పెద్దలు, ఇంటనుండి చదివిన చదువూ ఒక చదువేనా యని ముక్కు విరుచుచున్నారు. వీరి తాతముత్తాతలు బి.ఏ. ఎట్లు నెగ్గిరో వీరు మరచిరి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో విశ్వవిద్యాలయములు వెలసినపుడు అవి పాఠము చెప్పునవి కావు, పరీక్ష పెట్టునవి మాత్రమే. రాజమహేంద్రవరమునను బందరునను చదువుకొన్న మన పూర్వులు మద్రాసు పట్టాదారులైరి. మద్రాసు విశ్వవిద్యాలయము వారికి ఒక్క పాఠమైన చెప్పి యెరుగదు. ఆ పట్టాతోనే వారు వకీళ్లయిరి, సంపాదకులైరి, దొరలతో వాదించిరి. లండను విశ్వవిద్యాలయము 1858 నుండియే తన పరీక్షలను లండనుకు రానివారికిని తెరచెను. దక్షిణాఫ్రికాలో నెల్సను మండేలా చెరలో నుండగా దూరవిద్య సాగించి, 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయము నుండి న్యాయశాస్త్రపు పట్టా పొందెను. అయ్యలారా, ఆ పట్టాను చిన్నబుచ్చు సాహసము మీకున్నదా? విద్యార్థి యెచ్చట కూర్చుండెనని గాక, పాఠము గట్టిదా, పరీక్ష నిక్కమైనదా యని యడుగుడు. ఆ ప్రశ్నకు మేమును మీ పక్షమే.

ఇక తాళములను చూతము. 2024 నుండి ఇట్టి చదువులలో చేరగోరు భారతీయుడు ముందుగా యూ.జీ.సీ. దూరవిద్యా విభాగము వారి డి.ఇ.బి. సంఖ్యను పొందవలెను. దానికి ముందు ఏ.బీ.సీ. సంఖ్య కావలెను. దానికి ఆధారు, ఆధారుతో ముడిపడిన ఫోను కావలెను. దొంగ ప్రవేశములను అరికట్టుటకు ఏర్పడిన పద్ధతి గనుక దాని యుద్దేశమును మేము కాదనము. కాని రియాదులో నాలుగేండ్లుగా నున్న తాపీపనివాని స్వదేశపు ఫోను సంఖ్య యేనాడో చచ్చి, మరియొకని పాలయినది. సంకేతపు అంకెలు ఎవని ఫోనుకో పోవును. వాడు తన పేరును తానే నిరూపించుకొనలేక తలుపు వెలుపల నిలిచియుండును. వాని చేతిలో భారత ప్రభుత్వమే యిచ్చిన పాస్‌పోర్టు ఉన్నది! విదేశీయ విద్యార్థికి చాలిన పాస్‌పోర్టు స్వదేశీయునికి చాలదా?

తలుపు దాటినవానికి ధర యెదురగును. పలు విశ్వవిద్యాలయములు ఒకే ఆన్‌లైను చదువునకు దేశమందున్నవానికి రూపాయలలో నొక రుసుమును, విదేశమందున్నవానికి డాలర్లలో అంతకు మించిన రుసుమును వేయుచున్నవి. పాఠము ఒక్కటే, చెప్పు గురువు ఒక్కడే, దిద్దు చేయి ఒక్కటే. వీని కొరకు ఒక బల్లయైనను అదనముగా వేయలేదు, ఒక దీపమైనను వెలిగింపలేదు. మరి ఎక్కువ ధర యేల? "ఎన్.ఆర్.ఐ." అను మూడక్షరములే దీనికి మూలము. కాలిఫోర్నియాలో కంప్యూటరు కొలువు చేయు శ్రీమంతుడును, షార్జాలో ఇటుకలు మోయు జగిత్యాల రైతుబిడ్డయు, కువాయిటు షేకు ఇంట అంట్లు తోము రాజంపేట ఆడపడుచును ఈ మూడక్షరముల క్రింద ఒక్క గాటను కట్టబడినారు. మొదటివాని జేబు చూచి ధర కట్టి, కడపటి యిద్దరి నెత్తిన రుద్దుచున్నారు. దీనిని వర్తకమనవచ్చును గాని విద్యాదానమనరాదు.

ధర చెల్లించినవానికి గడియారము శత్రువగును. మనకు ఉదయము పది గంటలైనపుడు రియాదులోను, కువాయిటులోను, దోహాలోను ఏడున్నర. అప్పటికి కార్మికుడు కంపెనీ బస్సులోనో, సారువ మీదనో ఉండును. ఆదివారము సెలవు గదా యని మనవారు ఆనాడు పరీక్ష పెట్టుదురు. సౌదీలోను కువాయిటులోను ఆదివారము వారపు తొలి పనిదినము. అచ్చటి సెలవు శుక్రవారము. ఇండ్లలో పని చేయు స్త్రీలకు ఆ శుక్రవారమైనను సరిగా దక్కదు. ఎమిరేట్లలో 2022 జనవరి నుండి వారాంతము మారినది గాని మిగిలిన చోట్ల మారలేదు. ఈ చిన్న పంచాంగమును పరీక్షాధికారులు ఒక్కసారి తిరుగవేసినచో వేలమందికి మేలగును.

గడియారమును గెలిచినవానికి గది యడ్డు. ఆన్‌లైను పరీక్షకు కాపలా అవసరమే. ఆ కాపలా నిప్పుడు యంత్రమునకు అప్పగించిరి. కెమెరా ముందు కూర్చున్న విద్యార్థి గదిలో వేరొక మనిషి కనబడరాదు, వేరొక గొంతు వినబడరాదు. మంచిది. కార్మికుల శిబిరములో ఒక గదికి ఆరుగురు, ఎనమండుగురు. మంచము మీద మంచము. ఒకడు రాత్రి పని చేసి వచ్చి నిదురించును, ఒకడు ఇంటికి ఫోను చేయును, ఒకడు వండుకొనును. వీనికి ఏకాంతమైన గది యెచ్చటిది? యంత్రము వీనిని దొంగ యనును. వీని దోషము పేదరికము. ఇది తీరని చిక్కా? కాదు. 2021లో వైద్యవిద్యా ప్రవేశపరీక్షయైన నీట్‌ను కువాయిటులోను దుబాయిలోను నిర్వహించిరి. 2022లో విదేశములలోని 14 నగరములకు విస్తరించిరి. గల్ఫులో భారతీయ పాఠశాలలు ఎన్నో యున్నవి. మన దూతకార్యాలయముల వారు పాస్‌పోర్టు పనులకై సెలవుదినములలో దూరప్రాంతములకు పోయి శిబిరములు పెట్టుచునే యున్నారు. డాక్టరు కాబోవు బాలునికి బల్ల వేయగలిగిన ప్రభుత్వము, అదే నగరమున, అదే పాఠశాలలో, తాపీపనివాని బి.కాం. పరీక్షకు బల్ల వేయలేదా? వేయగలదు. అడుగువాడు లేక వేయుట లేదు.

మన భాష సంగతి మరింత వింత. భారతదేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున మన తెలుగునాటనే పుట్టెను. 1991లో డాక్టరు అంబేద్కరు పేరు దాల్చెను. బడి చదువు లేనివానికి గూడ అర్హతపరీక్ష పెట్టి చేర్చుకొని, తెలుగులో పాఠ్యపుస్తకములు వ్రాయించి, ఆటో నడుపువానిని, బీడీలు చుట్టు తల్లిని పట్టాదారులను గావించిన సంస్థ యది. గల్ఫుకు పోయిన తెలుగువానికి అంతకంటె తగిన గురువు లేడు. అయినను రాష్ట్ర విశ్వవిద్యాలయముల దూరవిద్య రాష్ట్రపు పొలిమేర దాటరాదని నిబంధనము. ఆ తెలుగు పుస్తకము చదివి పరీక్ష వ్రాయదలచినవాడు విమానమెక్కి రాష్ట్రములోని కేంద్రమునకు రావలెను. వానికి సెలవు రెండేండ్లకొకసారి! ఇంగ్లీషులోని ఎం.బి.ఏ. సముద్రములు దాటుచుండగా, తెలుగులోని బి.ఏ. పొలిమేర రాయి యొద్ద ఆగిపోవుచున్నది. ఆన్‌లైను విద్యకు హద్దు లేదని చెప్పిన నిబంధనముల క్రిందనే, ఈ తెలుగు పాఠములను ఆన్‌లైను పట్టాగా మార్చి సముద్రము దాటించుటకు రెండు తెలుగు ప్రభుత్వములును పూనుకొనవలెను. ప్రవాసుల క్షేమమని ఎన్నికల సభలలో చెప్పెడి మాటలలో ఈ మాట ఏల వినబడదో ఆ సభల వారే చెప్పవలెను.

తుదకు పట్టా చేతికి వచ్చెననుకొందము. దానిని రాష్ట్రపు విద్యాశాఖ ధ్రువపరుపవలెను, పిదప విదేశాంగశాఖ ముద్ర వేయవలెను. 2005లో మన దేశము హేగు ఒడంబడికలో చేరినది గనుక ఆ ఒడంబడిక గల దేశములకు అపోస్టిలు చాలును. లేని దేశములకు వారి దూతకార్యాలయపు ముద్ర గూడ కావలెను. ముద్ర ముద్రకు దళారి కాచుకొని యుండును. ఇంత జరిగినను, చదివిన కాలమున నీవు స్వదేశమందే యున్నట్లు పాస్‌పోర్టులో చూపుమని పరదేశాధికారులు అడిగిన సందర్భములు గలవు. ఉత్తరము వ్రాసినవానిని, నీవే వచ్చి చెప్పినట్లు రుజువు తెమ్మనుట వంటిది. 2022 జులైలో బ్రిటనుతోను, 2023 మార్చిలో ఆస్ట్రేలియాతోను పట్టాల పరస్పర గుర్తింపునకు మన ప్రభుత్వము ఒప్పందములు చేసికొనెను. సంతోషము. అంతే శ్రద్ధతో గల్ఫు రాజ్యములతో కూర్చుండి, "ఆన్‌లైను" అను పదమును సందేహమునకు తావు లేకుండ వ్రాయించుకొనవలెను. సొమ్మెక్కువగా వచ్చుచున్న దిక్కునకు మాట తక్కువగా పోవుట రాజనీతి గాదు.

తాళములు వేసిన చోట దొంగదారులు పుట్టుట సహజము. చదువక్కరలేదు, పరీక్షయక్కరలేదు, పాత తేదీతో పట్టా యిచ్చెదమని గల్ఫు శిబిరముల చుట్టును తిరుగువారున్నారు. న్యాయవాదిగా ఒక్క మాట చెప్పవలసియున్నది. 1956 నాటి యూ.జీ.సీ. శాసనపు 22వ సెక్షను ప్రకారము శాసనమువలన హక్కు పొందిన సంస్థలు దక్క వేరెవ్వరును పట్టా నీయరాదు. విశ్వవిద్యాలయమే యిచ్చినను, అనుమతి లేని చదువునకు విలువ లేదు. నాలుగు డీమ్డు విశ్వవిద్యాలయములు అనుమతి లేకయే దూరవిద్యచే ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలపై 2017 నవంబరులో సుప్రీముకోర్టు కొరడా ఝళిపించినపుడు, ఆ పట్టాలను నమ్మి యేండ్ల తరబడి ఉద్యోగములు చేయుచున్నవారు వీధిన పడిరి. కనుక రుసుము కట్టక పూర్వమే ఆ సంస్థ పేరును, ఆ చదువు పేరును, ఆ సంవత్సరమును యూ.జీ.సీ. దూరవిద్యా విభాగపు జాబితాలో చూచుకొనుడు. సంస్థ పేరున్నంత మాత్రమున చాలదు, చదువు పేరు గూడ ఉండవలెను. మీ యింటినుండి గల్ఫునకు పోయినవారికి ఈ సంగతి ఈ శుక్రవారమే ఫోనున చెప్పుడు.

పఠనాలయములలో ఈ పత్రిక చదువు సోదరులు మరియొక పని చేయవచ్చును. పార్లమెంటు సభ్యుడు ప్రశ్న వేయుటకు రూపాయి ఖర్చు లేదు. మీ సభ్యునికి సంతకములతో వ్రాసి, ఈ ప్రశ్నలు సభలో వేయుమని కోరుడు: గల్ఫులో కార్మికులుగా నుండి భారత విశ్వవిద్యాలయముల ఆన్‌లైను చదువులలో చేరిన భారతీయు లెందరు? వారిలో పరీక్షకు కూర్చుండగలిగినవా రెందరు? భారత పాస్‌పోర్టు గల కార్మికుని యొద్ద డాలరు రుసుము పుచ్చుకొనుటకు ఏ నిబంధనము ఆధారము? నీట్ పరీక్ష జరిగిన గల్ఫు నగరములలో ఆన్‌లైను పట్టా పరీక్షలకు కేంద్రములు తెరచుటకు ఏమి యడ్డు, ఏ తేదీ నాటికి తెరతురు?