జొన్న రొట్టె తినమనే పెద్దలకు

షుగరొచ్చిందంటే చాలు, డాక్టరు దగ్గర్నుంచి వాట్సాప్ మామయ్యల దాకా అందరిదీ ఒకటే పాట: అన్నం తగ్గించు, జొన్న రొట్టె తిను. సలహా మంచిదే. కానీ మా యాదగిరిగుట్ట చుట్టుపక్కల జనం జొన్న రొట్టె మానేశారా, మనమే మాన్పించామా? నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఇవి చెలకలు. జొన్న, సజ్జ, వాటి మధ్య కంది సాళ్ళు. ఇంట్లో గటుక, అంబలి, రొట్టె. వరి బువ్వ పండక్కి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కడుపు మాడినవాళ్ళకి అది వరమే, ఆ పథకాన్ని వెక్కిరించేవాళ్ళతో నాకు పడదు. (రొట్టెలు చేసే చాకిరీ ఎవరిదో కూడా వాళ్ళకి గుర్తుండదు.) అయితే అప్పట్నుంచీ రేషన్లో మా జొన్నకి చోటేదీ? డ్రాప్‌డౌన్‌లో ఒకే ఆప్షన్ పెట్టి, యూజర్ తప్పు ఎంచుకున్నాడని బగ్ రైజ్ చేసే టెస్టర్ని ఏమంటాం?

జొన్నెందుకు వెయ్యరని ఊళ్ళో ఒక పెద్దాయన్ని అడిగా. “ఏస్తే పిట్టలు తింటయ్ బిడ్డా, మిగిలింది ఎవడు కొంటడు?” అన్నాడు. 2025-26కి హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకి 3,699 రూపాయలు, సాధారణ వరికి 2,369. కాగితం మీద జొన్నదే గెలుపు. కానీ ఎకరానికి దిగుబడి తక్కువ. వడ్లకైతే కొనుగోలు కేంద్రం దగ్గర్లోనే ఉంటుంది. మీరైతే ఏది వేస్తారు?

అలాగని జొన్న అమృతం అనేవాళ్ళనీ నమ్మను. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్ బృందం 1960ల నాటికే, ప్రధానంగా జొన్న మీద బతికే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా జబ్బుని పరిశీలించింది. పక్కన పప్పు, కూర, పాలు లేకుండా వట్టి రొట్టె ఏం చేస్తుంది? చెలకలో జొన్న పోయినప్పుడు సాళ్ళలో కందీ పోయింది, ఆ మాట ఎవరూ ఎత్తరు. సూపర్ మార్కెట్లో ‘మిల్లెట్’ బిస్కట్లు కొనేవాళ్ళు పాకెట్ తిప్పి చక్కెరెంతో చదవండి.

2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుందని ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చిందీ ఆ ఏడే. 2025 ఏప్రిల్ నుంచి మన రేషన్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం. ముతక ధాన్యాలు ఇవ్వడానికి 2013 ఆహార భద్రత చట్టంలోనే వీలుంది. పక్కన కర్ణాటకలో రాగులు, జొన్నలు కొని రేషన్లో ఇచ్చారు కూడా. మనకేం అడ్డం?

ఆరింట్లో రెండు కిలోలు జొన్నలు, వాటితో కాస్త కందిపప్పు, కావాలన్నవాళ్ళకే ఇవ్వండి. ఆ జొన్నలు ఈ చెలకల్లోవే కొనండి. అంతవరకూ షుగరు పేషెంట్లకి క్లాసు పీకకండి. గుట్ట మీద నిత్యాన్నదానంలో కూడా వారానికో పూట గటుక పెట్టొచ్చు, నరసింహస్వామికి అభ్యంతరం ఉండదనే అనుకుంటున్నా.