బట్టమేకకు గీసిన హద్దు

ఏ నేలను ముందుగా కాపాడాలన్నది శాస్త్రవేత్తలు తేల్చే విషయమన్నది సాధారణ విశ్వాసం. ఆచరణలో మాత్రం సంప్రదింపుల బల్ల చుట్టూ ఎవరికి చోటు దక్కిందన్నదే తరచూ ఆ హద్దును నిర్ణయిస్తుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పక్షి ఉదంతమే ఇందుకు తార్కాణం.

దేశంలో ఈ పక్షులు 150కి మించి లేవని అంచనా. ఎదుటి చూపు అంతంతమాత్రమైన ఈ బరువైన పక్షి విద్యుత్ తీగలను సకాలంలో గుర్తించి తప్పుకోలేదు. అందుకే 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 99 వేల చదరపు కిలోమీటర్ల పరిధిలో పైనుంచి వెళ్లే తీగలపై ఆంక్షలు విధించింది. సౌర, పవన విద్యుత్ లక్ష్యాలు దెబ్బతింటాయని కేంద్రం మొరపెట్టుకోగా, 2024 మార్చిలో ఆ ఆంక్షలను సడలించి నిపుణుల కమిటీని నియమించింది. ఆ కమిటీ సిఫార్సులను 2025 డిసెంబరులో ఆమోదించింది. ఫలితంగా రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లు ప్రాధాన్య ప్రాంతాలయ్యాయి.

పరిధి కుదించడమే నేరం కాదు. వనరులు పరిమితమైనప్పుడు ఎంపిక తప్పదు. బొగ్గు నుంచి మళ్లడమూ ప్రకృతి రక్షణలో భాగమే. అయితే కమిటీలో వన్యప్రాణి నిపుణులు, అటవీ అధికారులు, ఇంధన శాఖ ప్రతినిధులు ఉన్నారు గానీ, జైసల్మేర్ పశువుల కాపరులు లేరు. 'ఓరణ్'లుగా పిలిచే దేవతా వనాలను, ఉమ్మడి గడ్డిభూములను తరతరాలుగా కాపాడుతున్నది వారే. వాటిలో చాలావాటిని రెవెన్యూ దస్త్రాలు ఇప్పటికీ బంజరుగానే లెక్కిస్తున్నాయి. బంజరుగా రాసిన భూమి సౌర ఫలకాలకు సులువుగా దక్కుతుంది.

స్థానికులను పక్కనపెడితే ఏమవుతుందో తెలుగు నేలకు తెలియనిది కాదు. బట్టమేకల కోసమే 1988లో కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో అభయారణ్యం వెలిసింది. కృష్ణజింకలు పెరిగి పంటలపై పడ్డాయి, రైతులు విముఖులయ్యారు. చుట్టూ ఉన్న గడ్డిభూములు సాగులోకి వెళ్లాయి. అభయారణ్యం పేరు నిలిచింది. బట్టమేకలు దాదాపు కనుమరుగయ్యాయి.

థార్‌లో అదే పొరపాటు పునరావృతం కాకూడదంటే, ఓరణ్‌లను రికార్డులకెక్కించి వాటి నిర్వహణలో గ్రామాలకు భాగం ఇవ్వాలి. ఏ తీగను ఎప్పటిలోగా మళ్లిస్తారో, ఎక్కడ ఎన్ని పక్షులు చనిపోయాయో ఏటా బహిరంగపరచాలి. హద్దుకు వెలుపల పక్షులు కనిపిస్తే పటాన్ని సవరించే వీలుండాలి. అవేవీ లేనిదే ఈ ప్రాధాన్య పటం మిగతా నేలకు ఇచ్చిన అనుమతి పత్రంగానే మిగులుతుంది.