మా అక్కకి చేసింది గాల్ బ్లాడర్ ఆపరేషన్ కాదు

నార్కట్‌పల్లి పక్కన చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. నల్గొండ వైపు వాళ్ళకి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. గుట్ట పైన మూడు గుండ్లు అని పెద్ద పెద్ద రాళ్ళు, వాటి మధ్య ఇరుకు సందు. అందులోంచి దూరి వెళ్తే లింగం కనపడుతుంది. ఎంత లావు మనిషైనా స్వామిని తలుచుకుంటే ఆ సందులో పడతాడని నమ్మకం.

మా అక్కని ఇచ్చింది నార్కట్‌పల్లే. పెళ్ళయి పదేళ్ళలో ఎన్నిసార్లు గట్టుకి పోయినా మూడు గుండ్ల దగ్గరికి మాత్రం ఒక్కసారీ రాలేదు. "మీరు పోయి రాండ్రి, చెప్పులకాడ నేనుంట" అనేది. ఇరుక్కుంటానని కాదట భయం, ఇరుక్కుంటే వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు నవ్వుతారని.

ఆ అక్కకి 2023లో బరువు తగ్గే ఆపరేషన్ అయింది, హైదరాబాద్‌లో. ఊళ్ళో చెప్పింది మాత్రం గాల్ బ్లాడర్‌లో రాళ్ళు తీశారని. ఈ చిన్న అబద్ధం వల్ల మనిషి దాదాపు చేజారిపోయింది. అక్కని అడిగే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

ముందు ఆపరేషన్ సంగతి చెప్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్ళలో కూడా చాలామందికి ఇదంటే కొవ్వు పీల్చి తీసేయడమే. మా అక్క వాళ్ళ అత్తమ్మ కూడా "ఆ హీరోయిన్ గట్లనే పాయె గదా" అంది. ఆవిడ అన్నది ఆర్తి అగర్వాల్ గురించి. 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్ళకే చనిపోయారు, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వుని తీయడం. బేరియాట్రిక్ సర్జరీ అది కాదు, ఇది పొట్ట మీద చేసేది. అక్కకి చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపు మీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, జీర్ణాశయంలో దాదాపు 75-80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే పట్టేది తగ్గడమే కాదు, ఆకలి కూడా తగ్గుతుంది.

ఇక ఇన్సూరెన్స్ కామెడీ. అక్క ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, అంటే బీఎంఐ 34.4. షుగర్ ఇన్సులిన్ దాకా పోయింది, అయినా కంట్రోల్‌లో లేదు. మన భారతీయుల ఒంట్లో తక్కువ బరువుకే షుగర్, గుండె జబ్బులు వస్తాయి కాబట్టి మన డాక్టర్లు 2009లోనే వేరే లెక్క పెట్టుకున్నారు: జబ్బులుంటే 32.5, లేకపోతే 37.5 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చని. కానీ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది 40, తీవ్రమైన జబ్బులుంటే 35. ఇది 1991లో అమెరికా వాళ్ళు పెట్టుకున్న లెక్క. అమెరికా సర్జన్లు 2022లో దాన్ని మార్చేసుకుని, ఆసియా వాళ్ళకి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నారు. పాలసీ కాగితంలో మాత్రం పాత నంబరే ఉంది. క్లెయిమ్ గురించి అడిగితే ఏజెంట్ ఏమన్నాడో తెలుసా? "కిలోన్నర పెరిగి రండి మేడమ్, అప్పుడు ట్రై చేద్దాం" అని! లెక్కేసి చూశాను, నిజమే, 35 రావడానికి సరిగ్గా 1.4 కిలోలు తక్కువ. షుగర్‌తో కళ్ళు మసకబారుతున్న మనిషిని బరువు పెరగమనే రూల్ ఇది. బావ అప్పు చేసి నాలుగు లక్షల పైచిలుకు కట్టారు.

అంత డబ్బు పోసి చేయించుకున్నది ఎందుకు దాచాలి? అక్క చెప్పిన కారణం ఒక్కటే. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నది అంటర్రా." నిజంగా అంటారు. మోకాలు మార్పించుకున్నవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. గుండెకి స్టెంట్ వేయించుకుంటే పండ్లు పట్టుకుని పోతాం. దీనికి మాత్రం తప్పు చేసినవాళ్ళని చూసినట్టు చూస్తాం.

ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నడిపించారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. కడుపులోకి ఎక్కించిన గ్యాస్ వల్ల కోసిన చోట కన్నా భుజాలు ఎక్కువ నొప్పి పెట్టాయట. మూడో రోజు డిశ్చార్జ్. రెండు వారాలు నీళ్ళలాంటివే, అదీ ఒక్కో గుక్క. తర్వాత మెత్తగా చేసినవి. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. ముందు ప్రోటీన్ తినాలి, చోటు మిగిలితేనే అన్నం. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం. నాలుగో నెలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఇది షార్ట్‌కట్ అనేవాళ్ళు ఒక్క వారం అలా బతికి చూపించాలి.

అసలు కథ ఐదో వారంలో. ఆడబిడ్డ కూతురి ఫంక్షన్. బగారా అన్నం, మటన్, అన్నీ ఉన్నాయి. అక్క రెండు చెంచాలు తిని చెయ్యి కడుక్కుందామంటే చుట్టాలు ఊరుకుంటారా? "రాళ్ళు తీస్తె తినొద్దన్నరా ఏంది? ఒక్క ముద్దనే." మన దగ్గర పెట్టడమంటే ప్రేమ, వద్దనడమంటే అవమానం. అసలు సంగతి తెలిస్తే కనీసం ఒకరిద్దరైనా ఆపేవాళ్ళు. ఎవరికీ తెలియదు కాబట్టి అక్క తిన్నది. ఆ రాత్రి మొదలైన వాంతులు ఆగలేదు. మంచినీళ్ళు కూడా నిలవట్లేదు. అలా పది రోజులు.

ఊళ్ళోనే కామినేని మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. ఆటో ఎక్కితే పది నిమిషాలు. కానీ అక్కడ తెలిసినవాళ్ళు కనపడతారు, ఏం ఆపరేషన్ అని డాక్టర్ అందరి ముందూ అడుగుతాడు. అందుకని అక్క ఇంటి దగ్గర ఆర్‌ఎంపీ దగ్గరికి పోయింది. ఆయనకీ గాల్ బ్లాడర్ కథే చెప్పింది. నీరసంగా ఉంటే మన పల్లెల్లో ఏం చేస్తారు? గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. ఆయనా అదే చేశాడు, వరసగా మూడు రోజులు.

ఇక్కడే ప్రమాదం. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చాలంటే ఒంటికి బి1 విటమిన్, అంటే థయమిన్ కావాలి. దాని నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకి మించి ఉండదు. ఒకప్పుడు పాలిష్ బియ్యం తిని కోస్తా జిల్లాల్లో బెరిబెరి వచ్చింది ఈ బి1 లేకే. పొట్ట చిన్నదైపోయి, పైగా వాంతులవుతున్న మనిషికి ఆ కాస్త నిల్వా అయిపోతుంది. అప్పుడు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న చివరి చుక్క కూడా ఖర్చయి, దెబ్బ మెదడుకి తగులుతుంది. వెర్నికీ అంటారు దీన్ని. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు.

నాకిదేమీ తెలియదు. ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసి "తమ్మీ, పాదాలు తిమ్మిర్లెక్కినయ్. అన్నీ రెండు రెండు కనపడుతున్నయ్ రా" అంది. మాట ముద్దగా వస్తోంది. ఆపరేషన్ చేసిన సర్జన్‌కి ఫోన్ చేశాను. ఆయన మొత్తం వినకుండానే అడిగింది: "గ్లూకోజ్ ఏమైనా ఎక్కించారా?" వెంటనే ఆపమన్నారు, దగ్గర్లో ఏ పెద్దాస్పత్రి ఉంటే దానికి తీసుకెళ్ళి, సిగ్గుపడకుండా ఆపరేషన్ సంగతి చెప్పి, ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇప్పించమన్నారు. బావ అలాగే చేశారు. రెండో రోజుకి చూపు సర్దుకుంది. నడక తిన్నగా రావడానికి నెల పట్టింది, పాదాల్లో తిమ్మిరి ఇంకో ఆరు నెలలు ఉంది.

ఆర్‌ఎంపీని నేను తిట్టను. ఆయనకి తెలిసిన సమాచారానికి ఆయన వైద్యం చేశాడు. ఇన్‌పుట్టే తప్పయితే అవుట్‌పుట్ ఏమవుతుందో మనవాళ్ళకి నేను చెప్పాలా? ఆ తప్పుడు ఇన్‌పుట్ ఇచ్చింది అక్క. ఇవ్వాల్సిన పరిస్థితి తెచ్చింది మనం.

ఈ ఆపరేషన్ అందరూ చేయించుకోండని నేను చెప్పట్లేదు. రిస్కులున్నాయి. అమెరికాలో 4,776 మంది మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో నెలలోపు చనిపోయినవాళ్ళు 0.3 శాతం, అంటే వెయ్యికి ముగ్గురు. కుట్లు లీకవ్వచ్చు, పుల్లటి తేపులు పట్టుకోవచ్చు, కొందరికి కొన్నేళ్ళకి బరువు తిరిగి వస్తుంది. మరోవైపు స్వీడన్‌లో 1987 నుంచి గమనించినవాళ్ళలో, ఆపరేషన్ అయినవాళ్ళ మరణాలు కానివాళ్ళ కన్నా దాదాపు నాలుగో వంతు తక్కువని 2007లో తేలింది. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చాక కోత లేకుండా ప్రయత్నించే దారి కూడా ఉంది. ఏది మంచిదో తేల్చేది డాక్టర్, పేషెంటు. చుట్టాలు కాదు, ఆఫీసులో పక్క సీటు వాళ్ళు అంతకన్నా కాదు.

నేననేది ఒక్కటే. స్థూలకాయం జబ్బు అని ఒప్పుకుంటే, దానికి వైద్యం చేయించుకోవడం మోసం ఎలా అవుతుంది? "వాకింగ్ చేస్తే సరిపోయేది కదా" అనే మాట సలహాలా వినపడుతుంది కానీ, వినేవాళ్ళకి అది "దాచుకో" అన్నట్టే. దాచుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను. మనమంతా రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునేవాళ్ళమే. రేపు ఈ సంగతి మన ఇంట్లోనే రావచ్చు. ఇవాళే రెండు పనులు చెయ్యండి: మీ గ్రూప్ పాలసీలో బీఎంఐ నంబరు ఎంతుందో చూసి హెచ్‌ఆర్‌ని అడగండి. ఎవరైనా చాలు అని చెయ్యి అడ్డం పెడితే, రెండోసారి వడ్డించకండి.

ఇంజనీరింగ్ చదివినందుకు నేను అక్కకి చేసిన సాయం ఒకటుంది. ఒక చిన్న కార్డు ప్రింట్ తీసి లామినేషన్ చేయించాను. "నాకు స్లీవ్ ఆపరేషన్ అయింది. వాంతులవుతుంటే థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కించవద్దు" అని తెలుగులో, ఇంగ్లీషులో. అక్క దాన్ని పర్సులో ఆధార్ కార్డు పక్కన పెట్టుకుంది. ఇప్పుడు 64 కిలోలుంది, ఇన్సులిన్ మానేసి ఒక్క మాత్ర మీద ఉంది. ఎవరైనా అడిగితే నిజమే చెప్తోంది. కొందరు మూతి తిప్పుకుంటున్నారు, ఇద్దరు మాత్రం పక్కకి పిలిచి ఏ డాక్టరని అడిగారట.

ఈ మాఘమాసం జాతరకి మూడు గుండ్లు దూరతానంటోంది. చెప్పుల దగ్గర నేనుంటానన్నాను. నా బీఎంఐ 29 మరి :)