బొమ్మ ఎక్కడ తయారైంది?

"ఇది చైనా బొమ్మా? పిల్లవాడికి ఇవ్వొచ్చా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2007లో మాటెల్ కంపెనీ చైనాలో చేయించిన లక్షల బొమ్మలను, రంగులో సీసం ఉందని వెనక్కు తీసుకుంది. 2009 జనవరిలో మన ప్రభుత్వమూ చైనా బొమ్మల దిగుమతిని కొంతకాలం నిషేధించింది.

అయితే దేశం పేరొక్కటే చూస్తే చాలదని మా అభిప్రాయం. సీసం రంగు ఎక్కడ పూసినా విషమే. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. పెద్దలకంటే వారి ఒంటికి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే మెదడు ఎదుగుదల, చదువు దెబ్బతింటాయి.

14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అంగళ్లలో ఆ గుర్తు చూపించమని అడగండి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు సహజ రంగులకు పేరు పొందినవే. అయినా ఏ రంగు వేశారో అడిగి కొనండి. రంగు పెచ్చులూడే బొమ్మ ఎంత చవకైనా వద్దు. అలాంటి బొమ్మను పిల్లలు కొరుకుతుంటే డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్షతో సీసం తెలుస్తుంది.

కొనే మనం అడిగితేనే అమ్మేవారు మంచి సరుకు తెస్తారు.