ఊరి హైస్కూల్లో టీసీ తీసే ముందు ఒక్క మాట

శుక్రవారం పూట ఫింటాస్‌లో ఒక రూములో కలిసి వండుకుని తినే మేము ఆరుగురం మాట్లాడుకుని రాస్తున్న పోస్టు ఇది. ఊర్లో ఎండాకాలం సెలవులు. అంటే టీసీలు తీసే కాలం. అందుకే ఇప్పుడే చెప్పాలనిపించింది.

మాలో ఇద్దరు ఇంటి డ్రైవర్లు. పొద్దున్నే కఫీల్ బిడ్డల్ని ఇక్కడి సర్కారు బడికి దింపేది వాళ్ల పని. బిడ్డలందరూ చదవాల్సిందేనని ఈ దేశం 1965లోనే చట్టం చేసింది. ఇంత డబ్బున్న ఇళ్ల బిడ్డలు కూడా సర్కారు బడికి పోతుంటే మొదట్లో మాకు వింతగా ఉండేది. మన ఊర్లో అయితే చేతిలో నాలుగు రూపాయలు ఆడగానే మనం చేసే మొదటి పని బిడ్డను సర్కారు బడి మాన్పించడమే కదా.

ఇక్కడి సర్కారు బడి మన బిడ్డలకు రాదు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం 800 దీనార్లు ఉండాలని 2024లో రూలు పెట్టినారు. ఇరవై నంబరు వీసా వాళ్లకు ఆ ఆశ కూడా లేదు. కాబట్టి మన బిడ్డలు చదివేది ఊర్లోనే. ఏ బడిలో వెయ్యాలో మాత్రం మనం ఇక్కడి నుంచి ఫోన్లో తేలుస్తాం. ఆ తేల్చడంలోనే తప్పు చేస్తున్నాం అని మా మాట.

మేము చేసిన తప్పే చెబుతాం. మాలో ఒకాయన కొడుకు ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది చదివేవాడు. ఖోఖోలో మండలం దాటి జిల్లా టీముకు సెలెక్ట్ అయినాడు. పండగొస్తే చెక్కభజనలో ముందు వరసలో నిలబడేవాడు. మార్కులు మాత్రం ఓ మోస్తరు. మేమంతా కూర్చుని సలహా ఇచ్చినాం: ఇంత దూరం వచ్చి కష్టపడేది ఎవరికోసం, టౌన్లో హాస్టల్లో వేసెయ్ అని. వేసినాడు. ఫీజు ఏడాదికి లక్ష దాటింది. ఆ లక్ష కోసం ఈయన రెండేళ్లు ఊరికి పోలేదు.

మార్కులు పెరిగినాయి, దాచం. కానీ ఫోన్ చేస్తే పిల్లోడు "బాగున్నా నాయనా" అనడం తప్ప ఇంకో మాట లేదు. ఒకరోజు మాత్రం వాడే అడిగినాడు. "నాయనా, మీ రూము కాడ ఆడుకునేదానికి జాగా ఉందా?" వాడి హాస్టల్ మూడంతస్తుల బిల్డింగు, కింద బండ్లు పెట్టుకునే జాగా, అంతే. ఈయన సముద్రం ఒడ్డున ఉందిలే అని చెప్పి ఫోన్ పెట్టేసి, ఆ రాత్రి అన్నం తినలేదు.

సర్కారు బడిలో చదువు చెప్పరు అంటారు. అక్కడి అయ్యవార్లు బీఈడీ చేసి, టెట్ రాసి, డీఎస్సీలో నెగ్గి వచ్చినవాళ్లు. కొన్ని బడుల్లో లెక్కలకో ఇంగ్లీషుకో మనిషి లేని మాట నిజమే. కానీ టీచరు పోస్టులు పిల్లల లెక్కను బట్టే ఇస్తారు. మనం టీసీ మీద టీసీ తీసుకుంటూ పోతే పోస్టూ పోతుంది. చివరికి ఆ బడిలో మిగిలేది ఫీజు కట్టలేనివాళ్ల బిడ్డలు. వాళ్ల తరఫున అడిగే నోరు ఉండదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా వంద మందికి మించి పిల్లలుంటే కళలకూ, వ్యాయామానికీ, పని నేర్పడానికీ పార్ట్‌టైమ్ మనుషులుండాలని కూడా అందులో ఉంది. ఆటా పాటా చదువులో భాగమని చట్టమే ఒప్పుకుంది. మనమే ఒప్పుకోవడం లేదు.

విశాఖపట్నం జ్యోతి యర్రాజిని చూడండి. నాయన సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలోనూ ఆస్పత్రిలోనూ పని చేసిన మనిషి. మనం ఇక్కడ చేసే పనులే. పోర్టు హైస్కూల్లో ఆటల టీచరు ఆ పిల్ల పొడుగు చూసి పరుగులోకి దింపినారు. 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు పోయింది. ఆ బడిలో ఆటల పీరియడ్ తీసేసి లెక్కల పీరియడ్ పెట్టి ఉంటే?

పాట సంగతికొస్తే, మాలో సగం మంది రాజంపేట, కోడూరు వైపు వాళ్లం. 32,000 సంకీర్తనలు కట్టినాడని చెప్పుకునే అన్నమయ్య తాళ్లపాక మాకు పక్కనే. మా ఆరుగురిలో ఒక్కరికీ బడిలో పాట నేర్పిన అయ్యవారు లేడు. చెక్కభజన నేర్పింది ఊరి రామాలయం గురువే. అట్లాంటి గురువును వారానికి ఒక పూట బడికి పిలిస్తే తప్పేముంది?

అందరూ టీసీలు వెనక్కి తీసుకోండి అని మేము అనడం లేదు. ఎవరి ఇబ్బంది వాళ్లది. అడిగేది మూడే.

బడి మార్చే ముందు మీ బిడ్డను అడగండి. ఫోన్లో మార్కులు అడిగినట్టే, ఈ వారం ఏం ఆడినావు, ఏం పాడినావు అనీ అడగండి.

2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినారు. ఆ తర్వాతా పెట్టినారు. ఈసారి పెడితే ఇంట్లోవాళ్లను పంపి, ఆటల టీచరు ఉన్నాడా, ఆటల పీరియడ్ నిజంగా జరుగుతోందా అని నిలబడి అడగమనండి.

మూడోది, జాతరకు డీజేలకూ హీరోల ఫ్లెక్సీలకూ ఇక్కడి నుంచి దీనార్లు పోగేస్తాం కదా. ఈ ఏడు మేము ఆ డబ్బుతో మా ఊరి హైస్కూలుకు ఖోఖో స్తంభాలు, ఒక హార్మోనియం, ఒక డోలక్ కొనిస్తాం. హెడ్మాస్టరుతో మాట్లాడినాం, సరే అన్నారు. బడి తెరిచేలోపు పంపాలి.

ఇంకో కబురు. ఆ పిల్లోడు వచ్చే నెల తిరిగి ఊరి బడిలో పదో తరగతిలో చేరుతున్నాడు. మార్కులు తగ్గుతాయేమోనని వాళ్ల నాయనకు భయం ఉంది. మాకూ ఉంది. తగ్గితే ఏం చేయాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుంటాం. ఈసారి వాణ్ని కూడా ఫోన్లో పెట్టుకుని.